సొంత ఎమ్మెల్యేపై పోటీ: సీమలో ఓడిపోయే రెబల్ లెక్కలు

2024 అసెంబ్లీ ఎన్నికల్లో మడకశిరలో గెలుపోటముల మధ్య తేడా 351 ఓట్లు. రాయచోటిలో 2,495. ధర్మవరంలో 3,734. అప్పటికి రాష్ట్రంలో ఓటర్లు సుమారు 4.13 కోట్లు. 175 స్థానాలకు పంచితే ఒక్కో చోట 2.36 లక్షలు. పోలింగ్ 80 శాతం దాటింది కాబట్టి సగటు నియోజకవర్గంలో చెల్లిన ఓట్లు 1.9 లక్షలు అనుకోవచ్చు. డిపాజిట్ దక్కాలంటే అందులో ఆరో వంతు మించాలి, అంటే దాదాపు 32 వేలు. నాలుగు వేల ఓట్లు తెచ్చుకున్న స్వతంత్ర అభ్యర్థికి డిపాజిట్ గల్లంతే. అయితే ఆ నాలుగు వేలూ గెలిచిన పార్టీ ఓట్లలోంచి పోయి ఉంటే పై మూడు చోట్లా ఫలితం తారుమారయ్యేది.

సొంత పార్టీ సిట్టింగ్ ఎమ్మెల్యేపై బరిలోకి దిగే మెతక నాయకుడి బలమంతా ఈ డిపాజిట్ లెక్కకూ గెలుపోటముల తేడాకూ మధ్యే ఉంది. గెలవడానికి కావలసిన ఓట్లు ఆయనకు రావు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పార్టీ ఓడిపోవడానికి చాలినన్ని ఓట్లు మాత్రం రావచ్చు. ఆ భయం ఎంత గట్టిగా పుడితే టికెట్ మీద ఆయన మాటకు అంత విలువ. ఆ భయం నిజమైనదా ఉత్తిదా అన్నది ఊరేగింపుల్లో తేలదు. నామినేషన్ కాగితాల్లో, గుర్తు కేటాయింపులో, బూత్ ఏజెంట్ల జాబితాలో తేలుతుంది.

ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో 38 నియోజకవర్గాలు. దాదాపు ప్రతిచోటా పెద్ద పార్టీలో ఇలాంటి మనిషి ఒకరు ఉంటారు. మాజీ జడ్పీటీసీ, మార్కెట్ యార్డు మాజీ చైర్మన్, ప్రాక్టీసున్న డాక్టరు, రిటైరైన అధికారి, లేదంటే జిల్లా కోర్టులో పేరున్న వకీలు. వర్గ పోరు లేదు, కేసులు లేవు. రెండు వర్గాల పెళ్లిళ్లకూ పిలుపు వస్తుంది. ఎమ్మెల్యే మీద ఆయన ఫిర్యాదు సిద్ధాంతాల గొడవ కాదు. భూ పంచాయితీల్లో తలదూర్చడం, ఇసుక, కాంట్రాక్టుల్లో వాటాలు, అన్నిటికీ మించి సొంత పార్టీ వాళ్లనే రెండు వర్గాలుగా చీల్చి ఒక వర్గాన్ని తొక్కడం. "పార్టీ మంచిదే, ఈయనే వద్దు" అన్నది ఆయన మాట. ఊళ్లలో ఈ మాటకు తలూపేవాళ్లు చాలామందే. ఓటు దగ్గరికొచ్చేసరికి వాళ్లలో సగం కూడా మిగలరు.

ఎందుకు మిగలరో గత రెండు ఎన్నికలు చూస్తే చాలు. ఈ 38 స్థానాల్లో 2019లో వైసీపీ 36 గెలిచింది. ఉరవకొండ, హిందూపురం మాత్రమే టీడీపీకి దక్కాయి. 2024లో అదే వైసీపీ 5 స్థానాలకు పడిపోయింది: పులివెందుల, బద్వేలు, రాజంపేట, ఆలూరు, మంత్రాలయం. ఇంత పెద్ద ఊపులో జనం ముఖ్యమంత్రి ఎవరన్నది చూసి గుర్తుకు ఓటేస్తారు, ఎమ్మెల్యే అభ్యర్థి పేరు వెనక్కి పోతుంది. మంచివాడన్న పేరు ఉన్నవాడికి ఇది రెండు వైపులా దెబ్బ. ఎమ్మెల్యే చెడ్డపేరు ఆ ఊపులో కొట్టుకుపోతుంది, రెబల్ మంచిపేరూ అందులోనే కొట్టుకుపోతుంది.

పోటీ ఇంట్లోనా, వీధిలోనా

అమెరికాలో ఇలాంటి తగాదాకు వేరే వేదిక ఉంది. పార్టీ అభ్యర్థి ఎవరో ప్రైమరీలో, అంటే పార్టీ ఓటర్లు పాల్గొనే ముందస్తు ఎన్నికలో తేలుతుంది కాబట్టి పదవిలో ఉన్న అధ్యక్షుడి మీదైనా సొంత పార్టీ నాయకుడు పోటీ చేయొచ్చు. 1968లో న్యూహాంప్‌షైర్ డెమొక్రాటిక్ ప్రైమరీలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌పై యూజీన్ మెకార్తీ గెలవలేదు. వచ్చింది 42 శాతమే. ఆ అంకె చూశాకే నెలాఖరులోగా జాన్సన్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. 1972లో నిక్సన్‌పై వియత్నాం యుద్ధ వ్యతిరేకి, మధ్యేవాద రిపబ్లికన్ పీట్ మెక్‌క్లాస్కీ దిగి అదే రాష్ట్రంలో ఐదో వంతు ఓట్ల దగ్గర ఆగిపోయారు. 2020లో ట్రంప్‌పై మసాచుసెట్స్ మాజీ గవర్నర్ బిల్ వెల్డ్ దిగితే దక్కింది ఒక్క డెలిగేటు (పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ప్రతినిధి). దక్షిణ కరోలైనా, నెవడా, అరిజోనా, కాన్సస్ లాంటి చోట్ల రిపబ్లికన్ పార్టీ ఆ పోటీనే ఎత్తేసింది. అసలు ఎన్నికలో వీళ్లు పార్టీ ఓట్లు చీల్చలేదు, ఎందుకంటే పోటీ ఇంట్లోనే ముగిసింది. పైగా ప్రైమరీలో ఓడినవాడు అసలు ఎన్నికలో స్వతంత్రుడిగా దిగకుండా అక్కడి చాలా రాష్ట్రాల్లో చట్టాలు అడ్డుపడతాయి.

మన దగ్గర వ్యవహారం తిరగబడింది. ఇంట్లో పోటీకి చోటు లేదు, వీధిలో పోటీకి అడ్డు లేదు. అందుకే అసమ్మతి అంతా సాధారణ ఎన్నికలోకి వచ్చి పడుతుంది, వచ్చిన వెంటనే వెన్నుపోటు అనే ముద్రా పడుతుంది.

ఇంట్లో పోటీ ఈ గడ్డకు తెలియనిదేమీ కాదు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి అనంతపురం నాయకుడు నీలం సంజీవరెడ్డి, ఎన్.జి. రంగా నువ్వా నేనా అన్నట్టు తలపడ్డారు. సంజీవరెడ్డి గెలిచారు, రంగా బయటికి పోయి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ఆ తర్వాత పార్టీల్లో లోపలి ఎన్నిక క్రమంగా లాంఛనమైపోయింది. 2000లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సోనియాగాంధీపై నిలబడిన జితేంద్ర ప్రసాదకు 94 ఓట్లు వచ్చాయి, ఆమెకు 7,448. 2022లో శశి థరూర్‌కు 1,072, ఖర్గేకు 7,897. అప్పుడు భారత్ జోడో యాత్రలో ఉన్న రాహుల్ గాంధీ మన సరిహద్దు అవతల బళ్లారి దగ్గర శిబిరంలో ఓటేసి, మర్నాడు ఆలూరు వైపు కర్నూలు జిల్లాలోకి వచ్చారు. థరూర్ గెలుస్తారని ఎవరూ అనుకోలేదు. అయినా వెయ్యి దాటిన ఆ ఓట్లు లోపలి అసంతృప్తికి ఒక అంకె ఇచ్చాయి.

ప్రాంతీయ పార్టీల్లో అంతమాత్రం కూడా లేదు. 2022 జులై ప్లీనరీలో వైసీపీ జగన్‌ను జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకుంటే, శాశ్వత పదవి అంతర్గత ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. టీడీపీలో అధ్యక్ష ఎన్నిక మహానాడులో జరుగుతుంది. 2025 మేలో కడపలో జరిగిన మహానాడులోనూ చంద్రబాబు ఎన్నిక ఏకగ్రీవమే. అధ్యక్షుడి ఎన్నికే ఇలా ఉంటే నియోజకవర్గ అభ్యర్థికి పార్టీ సభ్యుల ఓటింగ్ అన్న ఊసే ఉండదు. ఐవీఆర్‌ఎస్ ఫోన్లు (రికార్డు చేసిన గొంతుతో అభిప్రాయం అడిగేవి), ప్రైవేటు సర్వేలు, పరిశీలకుల నివేదికలు ఉంటాయి. వాటి అంకెలు పోటీదారుకు చూపించరు. సర్వేలో ఓడావని చెబితే నమ్మాల్సిందే.

రిజర్వుడు స్థానాల్లో మరో మెలిక ఉంది. కోడుమూరు, నందికొట్కూరు, శింగనమల, మడకశిర, బద్వేలు, రైల్వేకోడూరు ఎస్సీలకు కేటాయించినవి. వీటిలో చాలాచోట్ల గెలిచేది ఒకరు, మండలాల్లో మాట చెల్లేది మరొకరిది. కాబట్టి అక్కడ ఎదిరించాల్సిన సిట్టింగ్ ఎవరన్నదే మొదటి ప్రశ్న. ఒక్కోసారి ఎమ్మెల్యేనే మెతక మనిషి అవుతారు. 2019లో నందికొట్కూరు నుంచి వైసీపీ తరఫున గెలిచిన మాజీ పోలీసు అధికారి ఆర్థర్‌కు 2024లో టికెట్ రాలేదు. కాంగ్రెస్‌లో చేరి అదే స్థానంలో పోటీ చేశారు. గెలిచింది టీడీపీ అభ్యర్థి గిత్తా జయసూర్య.

నామినేషన్ వారం

టికెట్ దక్కని నాయకుడి ముందు నాలుగు దారులుంటాయి: ఇంట్లో కూర్చోవడం, పైకి జెండా మోస్తూ లోపల ఎదుటి వాళ్లకు సహకరించడం, పార్టీ మారడం, స్వతంత్రుడిగా నిలబడటం. సీమలో ఎక్కువమంది ఎంచుకునేది రెండోది. ఖర్చు లేదు, సాక్ష్యం లేదు, మళ్లీ కలిసిపోవడానికి ఇబ్బంది లేదు. నాలుగోది అన్నిటికంటే నిజాయతీగల దారి, అన్నిటికంటే ఖరీదైనదీ అదే. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాని గురించే.

నోటిఫికేషన్ వచ్చిన ఏడో రోజుతో నామినేషన్లు ముగుస్తాయి, మర్నాడు పరిశీలన, ఆ తర్వాత రెండో రోజు ఉపసంహరణ గడువు. 2024లో నోటిఫికేషన్ ఏప్రిల్ 18న, చివరి రోజు 25, పరిశీలన 26. ఉపసంహరణ గడువు లెక్క ప్రకారం 28న పడాలి. ఆ రోజు ఆదివారం కావడంతో 29కి జరిగింది. బుజ్జగింపులకు పార్టీలకు ఒక రోజు అదనంగా కలిసొచ్చింది.

రెబల్ నామినేషన్లో తప్పు దొర్లేది ఎక్కువగా ఆశ వల్లే. చివరి నిమిషంలో బీ-ఫారం (ఫలానా వ్యక్తే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) తనకే వస్తుందన్న నమ్మకంతో పార్టీ అభ్యర్థిగా ఒకే సెట్ నామినేషన్ కాగితాలు వేస్తారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. మిగతా అందరికీ ఆ నియోజకవర్గ ఓటర్లు పది మంది సంతకాలు పెట్టాలి. బీ-ఫారం చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా రిటర్నింగ్ అధికారికి అందకపోతే ఆయన పార్టీ అభ్యర్థి కాడు. ఒక్క సంతకంతో ఉన్న ఆ కాగితం పరిశీలనలో ఎగిరిపోతుంది. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు వేయొచ్చు, డిపాజిట్ మాత్రం ఒకటే కట్టాలి. అనుభవమున్నవాళ్లు ఒక సెట్ పార్టీ పేరుతో, కనీసం ఒకటి పది మంది ప్రతిపాదకులతో స్వతంత్రుడిగా వేసి పెట్టుకుంటారు.

ఆ పది మందిని ఎంచుకోవడంలోనూ జాగ్రత్త ఉండాలి. అందరికీ ఆ నియోజకవర్గంలోనే ఓటు ఉండాలి. పార్టు నంబరు, వరుస నంబరు ఓటర్ల జాబితాతో సరిపోవాలి. సంతకం రాక వేలిముద్ర వేసేవాళ్లయితే అది రిటర్నింగ్ అధికారి ముందు గానీ, అధీకృత అధికారి ముందు గానీ వేసి ధ్రువీకరించుకోవాలి. ఈ గొడవంతా ఎందుకని అందరూ చదువుకున్నవాళ్లనే చూసుకుంటారు. పన్నెండు, పదమూడు మందితో సంతకాలు పెట్టించడమూ మామూలే, ఒకటి రెండు తప్పినా పది మిగులుతాయని. ఈ పది పేర్లూ బయటపడతాయన్నది మరో చిక్కు. సాయంత్రానికి ఎమ్మెల్యే మనుషులు ఆ ఇళ్లకు వెళ్తారు. తర్వాత "నా సంతకం కాదు" అని ప్రతిపాదకుడే వచ్చి చెబితే రిటర్నింగ్ అధికారి విచారించాల్సి వస్తుంది. సంతకాలు పెడుతుండగా వీడియో తీయించుకోవడం అందుకే.

అసెంబ్లీకి డిపాజిట్ 10 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5 వేలు. ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదు. వర్తించని చోట "లేదు" అని రాయాలి. ఖాళీలు ఉంచితే నోటీసు ఇస్తారు, అప్పటికీ పూరించకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. 2013లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. గత పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్లో ఉన్నవాళ్లు అద్దె, కరెంటు, నీళ్లు, ఫోన్ బకాయిల్లేవని పత్రం పెట్టాలి. రిటైరైన అధికారులు తడబడేది ఇక్కడే. నామినేషన్ వేశాక, పరిశీలన తేదీకి ముందే ప్రమాణం చేయాలి. హడావుడిలో దీన్ని మర్చిపోయి నామినేషన్ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే తెరవాలి.

ఎమ్మెల్సీగా ఉంటూ ఈ పని చేస్తే పదవికే ముప్పు. ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూల్ ప్రకారం పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నట్టు లెక్క వేసి అనర్హత వేటు వేయమని పార్టీ కోరుతుంది. చట్టసభలో సభ్యత్వం లేనివాడికి ఆ చట్టంతో పనిలేదు, ఆయనకు మిగిలేది పార్టీ నుంచి సస్పెన్షనే. ఆరేళ్లని ప్రకటిస్తారు. ఎన్నికలైన ఏడాదిలోపే వెనక్కి తీసుకున్నవి లెక్కలేనన్ని.

బుజ్జగింపుల గది

పరిశీలనకూ ఉపసంహరణకూ మధ్య ఉన్న ఆ రెండు మూడు రోజులే రెబల్ మార్కెట్. జిల్లా ఇన్‌చార్జి మంత్రో, రాష్ట్ర నాయకుడో వస్తారు. నామినేటెడ్ పదవి, ఎమ్మెల్సీ, జడ్పీ చైర్మన్, లేకపోతే "ఈసారికి ఆగు, వచ్చేసారి నీదే". వీటిలో ఏదీ కాగితం మీద ఉండదు. ఎమ్మెల్సీ హామీ ఒక జిల్లాలో ఎంతమందికి ఇచ్చారో లెక్క తీస్తే మండలిలో అన్ని ఖాళీలు ఉండవు. 58 సీట్ల సభ, అందులోనూ రెండేళ్లకోసారి ఖాళీ అయ్యేది మూడో వంతు.

నాయకుడు లొంగకపోతే ఒత్తిడి వెనక ఉన్నవాళ్ల మీదికి మళ్లుతుంది. సీమలో ద్వితీయ శ్రేణి నాయకుడి బలగమంటే ఎవరు? ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్, రేషన్ డీలరు, మధ్యాహ్న భోజనం వండే మహిళా సంఘం, చెరువు పూడిక తీసిన చిన్న కాంట్రాక్టరు. ఫీల్డ్ అసిస్టెంట్‌ను మార్చాలంటే ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఎంపీడీవోకు ఒక ఫోన్ చాలు. కాంట్రాక్టరుకు రెండేళ్ల బిల్లు పెండింగ్‌లో ఉంటుంది, ఆ బిల్లు కదలాలన్నా అదే ఆఫీసు. అందుకే నామినేషన్ రోజు ర్యాలీలో వెంట ఉన్నవాళ్లలో చాలామంది ఉపసంహరణ గడువు దాటేసరికి ఫోన్ ఎత్తరు. నాయకుడిది పరువు సమస్య. వాళ్లది నెలవారీ జీతం సమస్య. కష్టమంతా తన వెనకున్నవాళ్లకు తెచ్చిపెట్టి తాను మాత్రం మర్యాదగా రాజీపడే రెబల్ మీద ఊళ్లో మిగిలే కోపం ఎమ్మెల్యే మీద ఉన్నదానికంటే ఎక్కువే ఉంటుంది, దానికి కారణమూ ఉంది.

ఉపసంహరణ చేయాలంటే ఫారం 5 మీద సంతకం పెట్టి చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా ఇవ్వాలి. అభ్యర్థే వెళ్లనక్కర్లేదు. ఆయన రాతపూర్వకంగా అధికారమిస్తే ప్రతిపాదకుడు గానీ ఎన్నికల ఏజెంటు గానీ ఇవ్వొచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. బుజ్జగింపుల గదిలో తేదీ లేని ఫారం మీద సంతకం పెట్టి "మీ దగ్గరే ఉంచండి" అనేవాళ్లు ఇది తెలియక బోల్తా పడతారు.

గుర్తు, మీట

గడువు ముగిసిన వెంటనే గుర్తుల కేటాయింపు. స్వతంత్రుడు నామినేషన్లోనే ఫ్రీ సింబల్స్ జాబితా నుంచి మూడింటిని వరుసగా కోరుకుని రాయాలి. ఇద్దరు స్వతంత్రులు ఒకటే అడిగితే లాటరీ. గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీ అభ్యర్థి అడిగితే ఆయనకే ముందు. ఈ మూడు గుర్తులు ఎంచుకోవడాన్ని చాలామంది గుమస్తాకు వదిలేస్తారు. అది చేయకూడని పని. పోలింగ్‌కు మిగిలేది రెండు వారాలు. అంత తక్కువ టైములో ముసలివాళ్లకు కూడా గుర్తుండేది కావాలి, నలుపు తెలుపు ముద్రలో వేరే గుర్తును పోలి ఉండకూడదు.

2024లో జనసేన గుర్తు గాజు గ్లాసు సంగతి గుర్తుంచుకోదగ్గది. అప్పటికి జనసేన గుర్తింపు లేని పార్టీ కావడంతో, ఆ పార్టీ పోటీ చేయని చోట్ల గ్లాసు స్వతంత్రులకు దక్కింది. కూటమి ఓట్లకు గండి పడుతుందని వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. 2025 జనవరిలో జనసేనకు రాష్ట్ర పార్టీ గుర్తింపు రావడంతో ఆ దారి మూసుకుపోయింది.

ఈవీఎం మీద స్వతంత్రుల పేర్లు కింద వస్తాయి. మొదట గుర్తింపు పొందిన పార్టీలు, తర్వాత రిజిస్టర్డ్ పార్టీలు, ఆ తర్వాతే ఇండిపెండెంట్లు. ప్రతి విభాగంలో అక్షర క్రమం. ఒక బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలు, అందులో ఒకటి నోటాది. అభ్యర్థులు 15 మంది దాటితే రెండో యూనిట్ వస్తుంది, రెబల్ పేరు అందులో పడితే సగం మంది వెతుక్కోరు. అదే పేరున్న మరో మనిషిని ఎక్కడి నుంచో పట్టుకొచ్చి నిలబెట్టడం సీమలో పాత ఎత్తే. 2015 నుంచి బ్యాలెట్ మీద ఫొటో ఉండటంతో దాని పదును కొంత తగ్గింది.

డబ్బు, పోలింగ్ బూత్

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. కాగితం మీద అందరికీ ఒకటే, నిజానికి స్వతంత్రుడికి ఇందులోనూ నష్టమే. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది స్టార్ క్యాంపెయినర్లు ఉంటారు, పార్టీ తరఫున వాళ్ల ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలోకి రాదు. స్వతంత్రుడికి అలాంటి మినహాయింపే లేదు. షామియానా, మైకు, భోజనాలు అన్నీ ఆయన రిజిస్టర్లోనే ఎక్కాలి. ఒకే మనిషికి లేదా సంస్థకు నగదుగా ఎన్నికంతటిలో 10 వేలకు మించి ఇవ్వకూడదు, ఆపైన చెక్కే. చట్టానికి బయట జరిగే పంపకాల్లో మెతక నాయకుడు పోటీ పడలేడు. పడేంత డబ్బుంటే ఆయనను మెతక అని ఎవరూ అనరు.

డబ్బు కంటే పెద్ద పరీక్ష బూత్ ఏజెంట్లు. 2024లో రాష్ట్రంలో 46,389 పోలింగ్ కేంద్రాలు, సగటున నియోజకవర్గానికి 265. బూతుకో ఏజెంటు కావాలి, వాళ్లను మార్చడానికి మరో ఇద్దరు చొప్పున పెట్టుకోవచ్చు. ఏజెంటుగా కూర్చునేవాడు అదే బూతు ఓటరో, పక్క బూతు ఓటరో అయితేనే ఓటర్లను పోల్చుకోగలడు. దొరక్కపోతే నియోజకవర్గంలో ఎవరినైనా పెట్టుకునే వెసులుబాటు ఉంది గానీ, ఫ్యాక్షన్ పేరున్న ఊళ్లో పొరుగూరి మనిషిని ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టడం చెప్పినంత తేలిక కాదు. ఊళ్లో వంద ఓట్లు వేయించగల పెద్దమనిషి కూడా "ఓటు వేస్తాం, కూర్చోమని మాత్రం అడగొద్దు" అంటాడు. ఏజెంటుగా కూర్చోవడమంటే ఎమ్మెల్యే మనుషుల ఎదుట పది గంటలకు పైగా ముఖం చూపించడం.

ఏజెంటు లేని చోట పోయేది మూడు పనులు. పోలింగ్‌కు గంటన్నర ముందు ఈవీఎంను సరిచూసేందుకు జరిగే మాక్ పోల్ చూసేవాడు ఉండడు. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిచూసి, చెరిపేసి సీలు వేయాలి. మరొకరి పేరుతో ఓటేసేవాణ్ని ఆపేవాడు ఉండడు. రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేసే హక్కు ఏజెంటుదే. ఇక ముగింపులో ప్రిసైడింగ్ అధికారి ఇచ్చే ఫారం 17సి కాపీ చేతికి రాదు. ఆ బూతులో ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఉండేది అందులోనే, లెక్కింపు రోజు సరిపోల్చుకోవడానికి అదే ఆధారం. 265 బూతుల్లో 150 చోట్ల కూడా ఏజెంట్లను నిలపలేని రెబల్‌ను పార్టీ లెక్కలోకి తీసుకోదు. బుజ్జగించడానికి వచ్చిన నాయకుడు మొదట అడిగేది డబ్బు గురించి కాదు, "ఏజెంట్ల లిస్టు ఉందా?" అనే.

రెండో ప్రాధాన్యం ఉన్నచోట

ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతి వల్లే మెతక రెబల్‌కు ఓట్లు చీల్చేవాడన్న ముద్ర. ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుస ఇచ్చే ప్రాధాన్య ఓట్ల పద్ధతిలో ఈ చిక్కు చాలావరకు పోతుంది. 2023 మార్చిలో కడప, అనంతపురం, కర్నూలు పట్టభద్రులు ఓటేసిన పశ్చిమ రాయలసీమ ఎమ్మెల్సీ ఎన్నికలో ఎవరికీ తొలి ప్రాధాన్యంలో గెలుపుకు కావలసిన ఓట్ల కోటా రాలేదు. కింది అభ్యర్థుల రెండో ప్రాధాన్య ఓట్లు కలిశాకే టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి గెలుపు తేలింది. నచ్చిన చిన్న అభ్యర్థికి ఒకటి, ఓడించాలనుకున్నవాడి ప్రధాన ప్రత్యర్థికి రెండు వేస్తే ఓటు వృథా కాదు.

ఇదే పద్ధతి సీమ నాయకుడిని గట్టెక్కించలేకపోయిన సందర్భమూ ఉంది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమని ఇందిరాగాంధీ పిలుపునిచ్చాక, అప్పటికే బరిలో ఉన్న స్వతంత్రుడు వి.వి. గిరి బలం పుంజుకున్నారు. తొలి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ ఓట్లు పంచాక తేడా బాగా తగ్గి 4,20,077, 4,05,427 దగ్గర ఆగింది. ఎనిమిదేళ్ల తర్వాత 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి ఒక్కరే, రాష్ట్రంలో మిగతా 41 లోక్‌సభ స్థానాలూ కాంగ్రెస్‌వే. అదే ఏడాది రాష్ట్రపతి భవన్‌కు ఏకగ్రీవంగా వెళ్లారు. ఓడినవాడికి రెండో అవకాశం వచ్చిందంటే అప్పటికి దేశంలో గాలి మారింది కాబట్టే. నియోజకవర్గ స్థాయిలో ఎనిమిదేళ్లు ఆగే ఓపిక క్యాడర్‌కు ఉండదు.

అసెంబ్లీ ఎన్నికకు ఈ సౌకర్యం లేదు కాబట్టి మెతక నాయకులకు అసలు మైదానం పంచాయతీలు. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తులపై జరగదు. ఒకే పార్టీలో రెండు వర్గాలు బాహాటంగా తలపడినా సస్పెన్షన్ ఉండదు, బీ-ఫారం గొడవ ఉండదు. మూడు నాలుగు మండలాల్లో ఎమ్మెల్యే నిలబెట్టినవాళ్లపై తన మనుషులను సర్పంచులుగా గెలిపించుకున్నవాడికి అసెంబ్లీ నాటికి ఏజెంట్ల జాబితా దానంతటదే తయారవుతుంది. ఆ దశ దాటేసి నేరుగా అసెంబ్లీకి దిగేవాళ్లే 800 ఓట్ల దగ్గర ఆగిపోతారు.

ఫలితం తర్వాత

ఫలితం వచ్చాక ఓడినవాడికి మిగిలే ఆస్తి ఫారం 20. ప్రతి పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. దాన్ని గత ఎన్నిక ఫారం 20 పక్కన పెట్టి చదవాలి. తన ఓట్లు పెరిగిన బూతుల్లో పార్టీ ఓట్లు అంతే తగ్గాయా, లేక ఎదుటి పార్టీవీ తగ్గాయా? మొదటిదైతే పార్టీ దృష్టిలో ఆయన నష్టం చేసినవాడు, అయినా బేరానికి బలముంటుంది. రెండోదైతే రెండు వైపుల నుంచీ ఓట్లు తెచ్చుకోగల మనిషి, వచ్చే ఎన్నికలో టికెట్ అడగడానికి అంతకంటే గట్టి కాగితం ఉండదు. బూతు హద్దులు, నంబర్లు మారి ఉంటాయి కాబట్టి ఊరి పేరుతో సరిచూసుకోవాలి. మొత్తం 6 వేల ఓట్లు వచ్చాయని చెప్పడం కంటే రెండు మండలాల్లోని 40 బూతుల్లో 4,500 వచ్చాయని చూపిస్తే అధిష్ఠానం వింటుంది.

ఈ లెక్కల హడావుడిలో అసలు లెక్క మరుగున పడుతుంది. ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోగా ఎన్నికల ఖర్చు వివరాలు వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, అఫిడవిట్‌తో సహా జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. గెలిచినవాడి ఆడిటరు ఈ పని చూసుకుంటాడు. ఓడిన స్వతంత్రుడికి అప్పటికి ఆఫీసు ఎత్తేసి ఉంటుంది, బిల్లులు ఎవరి దగ్గరున్నాయో తెలియదు, మనసూ ఉండదు. సరైన కారణం లేకుండా లెక్క చూపకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు పోటీకి అనర్హుడిగా ప్రకటించవచ్చు. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది. దానికి జవాబివ్వని రెబల్, మధ్యలో ఉప ఎన్నిక వచ్చి పార్టీయే పిలిచి టికెట్ ఇచ్చినా నామినేషన్ వేయలేడు.